జ్వాలాపురపు బూడిద

నంద్యాల జిల్లాలో బనగానపల్లె ప్రాంతమున జుర్రేరు అనే చిన్న ఏరు పారే లోయ ఒకటి ఉన్నది. 2022 వరకు ఈ ప్రాంతము కర్నూలు జిల్లాలోనిది. ఆ లోయలోని జ్వాలాపురమువద్ద నేలను లోతుగా త్రవ్వితే, మట్టి పొరల నడుమ తెల్లని బూడిదపొర కనిపిస్తుంది. పిండివలె మెత్తగా ఉండే ఈ బూడిదను తోముడు పొడులు మొదలైనవాటికొరకు త్రవ్వి తీసుకొనిపోయేవారు. ఆ గోతుల అంచులలోనే పురాతత్వ శాస్త్రజ్ఞులకు ఒక పెద్ద ప్రశ్నకు సంబంధించిన సాక్ష్యము దొరికినది. ప్రపంచమంతటికీ ఒక్కసారి ఉపద్రవము వస్తే మానవజాతి బ్రతుకగలదా అన్నదే ఆ ప్రశ్న.

ఊరిపేరులో జ్వాల ఉన్నదికదా అని, ఇక్కడ ఒకప్పుడు అగ్నిపర్వతము ఉండేదని విద్యార్థులు అనుకొనరాదు. ఈ బూడిద పుట్టినచోటు ఇక్కడికి సుమారు 2,600 కిలోమీటర్ల దూరమున, బంగాళాఖాతమునకు ఆవల, సుమత్రా ద్వీపములో ఉన్నది. నేడు అక్కడ కనిపించేది శిఖరము కాదు, సరస్సు. దానిపేరు తోబా, పొడవు సుమారు 100 కిలోమీటర్లు, వెడల్పు 30 కిలోమీటర్లు. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట అక్కడ భూగర్భమునుండి 2,800 ఘనపు కిలోమీటర్ల శిలాద్రవము వెలికి వచ్చినదని ఒక లెక్క. అంతకంటె ఎక్కువేనని చెప్పేవారు కూడ ఉన్నారు. లోపల ఖాళీ అయిన చోట పైనేల కుంగి గొయ్యి అయినది. గోతిలో నీరు నిలిచి సరస్సు అయినది.

ఈ అంకె ఎంతటిదో ఒక పోలికవలన తెలుస్తుంది. మానవుడు వ్రాసిపెట్టుకొన్న చరిత్రలో అతిపెద్ద విస్ఫోటనము 1815 ఏప్రిల్‌లో అదే ఇండోనీషియాలోని తంబోరా పర్వతములో జరిగినది. మరుసటి సంవత్సరము ఐరోపాలోను, అమెరికా ఈశాన్యభాగములోను వేసవి వేసవిగా రాలేదు. జూన్ మాసములో మంచు కురిసి పైరు చచ్చిపోయినది. తోబా తంబోరాకంటె ఎన్నో పదుల రెట్లు పెద్దది.

ఇక్కడి బూడిద తోబాదేనని ఎట్లు చెప్పగలిగినారు? అగ్నిపర్వతపు బూడిద కట్టె కాలిన బూడిద వంటిది కాదు. శిలాద్రవము గాలిలోకి చిమ్మబడి, హఠాత్తుగా చల్లారి, సన్నని గాజు తునకలుగా మారుతుంది. ఆ గాజులో ఏ మూలకము ఎంత పాలు ఉన్నదో కొలిస్తే, అది ఏ పర్వతములో ఏ విస్ఫోటనమునకు చెందినదో గుర్తుపట్టవచ్చును. వ్రేలిముద్రను పట్టి మనిషిని గుర్తించుట వంటిదే ఇది. మధ్యప్రదేశ్‌లోని సోన్ లోయలో, సముద్రగర్భములో కూడ ఈ గాజు దొరికినది. జ్వాలాపురములో పొర కొన్నిచోట్ల రెండు మీటర్లకు మించి ఉన్నది. అంత బూడిద ఆకాశమునుండి రాలినదని అనుకొంటే పొరపాటు. నేరుగా రాలినది కొద్ది సెంటీమీటర్లు మాత్రమే. చుట్టుప్రక్కల గుట్టలమీద పడినది వాననీటితో కొట్టుకొనివచ్చి పల్లములో పేరుకొన్నది.

బూడిదకంటె భయపడవలసినది మరొకటి ఉన్నది. విస్ఫోటనముతోపాటు గంధకపు వాయువు పైకి లేచి, మేఘములకంటె ఎత్తుననున్న పొరలోనికి చేరి, గంధకామ్లపు సన్నని తుంపరలుగా మారి భూమినంతటిని కప్పుతుంది. మేఘములు ఉన్నచోటనైతే వాన దానిని కడిగివేసేది. అంత ఎత్తున వాన లేదు. అందుచేత రెండు మూడేండ్లపాటు ఆ తెర ఎండను కొంత వెనుకకు త్రిప్పిపంపుతుంది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినతూబో బ్రద్దలైనప్పుడు భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు అరడిగ్రీ తగ్గుట పరికరములకు స్పష్టముగా తెలిసినది. తోబా పినతూబోకంటె వందలరెట్లు పెద్దది కాబట్టి, అది ఏండ్లతరబడి నిలిచే చలికాలమును తెచ్చియుండవలెనని 1992లో రాంపినో, సెల్ఫ్ అనే శాస్త్రజ్ఞులు వాదించినారు. 1998లో స్టాన్లీ ఆంబ్రోస్ ఇంకొక మెట్టు పైకిపోయి, ఆ చలిలో మానవులు దాదాపు తుడిచిపెట్టుకొనిపోయి, కొద్దివేలమంది మాత్రమే మిగిలినారని, నేటి మనమందరమూ వారి సంతతియేనని ప్రతిపాదించినాడు. నేటి మానవులందరి జన్యువులలో భేదము ఆశ్చర్యకరముగా స్వల్పము. దానికి ఇదే కారణమని ఆయన ఊహ.

ఈ ఊహ పత్రికలకు బాగా నచ్చినది. అయితే నేల వేరే మాట చెప్పినది.

ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయమునకు చెందిన రవి కోరిశెట్టర్, అప్పుడు కేంబ్రిడ్జిలో ఉండిన మైకేల్ పెట్రాగ్లియా, వారి సహచరులు జ్వాలాపురములో త్రవ్వి 2007లో ఫలితములు ప్రకటించినారు. బూడిదపొర క్రింద మానవులు చెక్కిన రాతి పనిముట్లు ఉన్నవి. పైనకూడ ఉన్నవి. క్రింది పనిముట్లను చేసిన పద్ధతికీ పైవాటిని చేసిన పద్ధతికీ దగ్గరి పోలిక ఉన్నది. అంటే ఆ ఉపద్రవము తరువాత కూడ అదే పనితనము ఎరిగినవారు ఈ లోయలో మెలగినారన్నమాట. వారు నేటి మానవజాతికి చెందినవారా, అంతకు పూర్వపు మరొక జాతివారా అన్నది తేలలేదు. అక్కడ ఎముకలు దొరకలేదు. రాతిపనిముట్లు చేసినవాని ముఖము చూపవు.

తరువాత ఇతర దేశములనుండి వచ్చిన సాక్ష్యము కూడ ఇటువైపే మొగ్గినది. ఆఫ్రికాలోని మలావీ సరస్సు అడుగుమట్టిలో తోబా గాజు దొరికినది గాని, ఆ కాలమున తీవ్రమైన చలి పుట్టిన జాడలు కనిపించలేదు. దక్షిణాఫ్రికా తీరమున పినకిల్ పాయింట్‌లో జనము గాజు పడకముందూ ఉన్నారు, పడిన తరువాతా ఉన్నారు. ఇథియోపియాలోని షిన్ఫా నది ఒడ్డున దొరికిన ఎముకలనుబట్టి, వానలు తగ్గి నది మడుగులుగా విడిపోయినప్పుడు అక్కడివారు ఆ మడుగులలోని చేపలను ఎక్కువగా పట్టి తిన్నారని 2024లో వెలువడిన పరిశోధన తెలుపుతున్నది. దీనికి ఎదురుమాట కూడ ఉన్నది: బంగాళాఖాతపు అడుగుమట్టిలోని పుప్పొడినిబట్టి, మధ్యభారతములో అడవులు తగ్గి గడ్డిభూములు పెరిగినవని కొందరు చూపినారు. దెబ్బ అన్నిచోట్లా ఒకేవిధముగా పడలేదు.

కావున మానవజాతి ఎంత ఉపద్రవమునైనను తట్టుకొంటుందని నిశ్చింతగా ఉండవచ్చునా? కొందరు ఈ పరిశోధనలు చదివి అట్లే అంటున్నారు. నా ఉద్దేశములో వారు సాక్ష్యమునకు మించిన మాట అంటున్నారు. ఆనాటివారు బహుకొద్దిమంది. ఒకచోట దుంపలు దొరకకపోతే ఇంకొకచోటికి పోయేవారు. పొలము లేదు, గట్టు లేదు, పన్ను లేదు. అంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటి ఉన్నది. బూడిద క్రిందను, పైనను పనిముట్లు ఉన్నంతమాత్రాన నడుమ ఎందరు చచ్చినారో ఆ పనిముట్లు చెప్పవు. ఒక తరములో సగముమంది పోయినా, కొన్ని తరముల తరువాత మిగిలినవారి సంతతి లోయను నింపుతుంది. మట్టిపొరలో అది తెగని గీతవలెనే కనిపిస్తుంది.

ఇందుకు దూరపు నిదర్శనము అక్కరలేదు. అదే కర్నూలు జిల్లాలో 1876, 1877 సంవత్సరములలో వరుసగా వానలు తప్పినవి. ధాత సంవత్సరములో మొదలైనది కాబట్టి పెద్దలు దానిని ధాత కరువు అన్నారు. దాని మూలము కూడ ప్రపంచవ్యాప్తమైనదే. పసిఫిక్ సముద్రజలము అసాధారణముగా వేడెక్కుటను ఎల్ నినో అంటారు. 1877–78లో వచ్చినది మిక్కిలి తీవ్రమైనది. అదే కాలమున చైనా ఉత్తరభాగము, బ్రెజిల్ ఈశాన్యభాగము కూడ ఎండిపోయినవి. వాన తప్పుట ప్రకృతి పని. తరువాత జరిగినదంతా ప్రకృతి పని కాదు.

మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు ప్రభుత్వము ముందుచూపుతో 30,000 టన్నుల ధాన్యము కొన్నది. వ్యాపారములో ప్రభుత్వము జోక్యము చేసికొనరాదని వైస్రాయి లిట్టన్ ప్రభుత్వము దానిని ఆక్షేపించినది. దేశమునుండి ఓడలలో ధాన్యపు ఎగుమతి ఆగలేదు. కర్నూలుకు అప్పటికి రైలు లేదు. గుత్తి మొదలైన స్టేషన్లలో దిగిన ధాన్యము బండ్లమీద రావలెను, బండ్లు లాగే ఎడ్లేమో మేత లేక చస్తున్నవి. 1877 ఆరంభములో సర్ రిచర్డ్ టెంపుల్ కరువుపనుల కూలిని తగ్గించినాడు: కష్టపు పని చేసే మగవానికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యపు ధర, పైన ఒక అణా. ఆ తిండితో మనిషి బరువుపని చేసి బ్రతుకలేడని మద్రాసు ఆరోగ్యశాఖాధిపతి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించినాడు. కొన్ని నెలలకు కూలి పెంచవలసివచ్చినది. అప్పటికే ఆలస్యమైనది. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా జనము సుమారు నాలుగవవంతు తగ్గినది.

మరి 74,000 ఏండ్ల తరువాత ఎవరైనా వచ్చి అక్కడి నేలను త్రవ్వితే ఏమి కనుగొంటారు? కరువుకు పూర్వపు కుండపెంకులు, కరువు తరువాతి కుండపెంకులు. రెండింటి తీరూ ఒక్కటే. ఉపద్రవమును జనము చక్కగా తట్టుకొన్నారని వారు వ్రాసుకొందురు!

ఇక రాబోయే కాలపు మాట. పరిశ్రమలు విస్తరించుటకు పూర్వము గాలిలో పదిలక్షల పాళ్ళకు 280 పాళ్ళుండిన బొగ్గుపులుసు వాయువు నేడు 420 పాళ్ళు దాటినది. ఆనాటి సగటుకంటె భూమి వేడిమి ఒకటిన్నర డిగ్రీలు మించిన మొదటి సంవత్సరము 2024. అగ్నిపర్వతపు గంధకపు తెర రెండు మూడేండ్లకు దిగిపోతుంది. ఈ వాయువు తెచ్చే వేడి వందల ఏండ్లు నిలుస్తుంది. ఇది రాత్రికి రాత్రి పడే బూడిద కాదు, వానలు తప్పే సంవత్సరములను, వరదల సంవత్సరములను దగ్గరదగ్గరగా తెచ్చేది. 2022లో మానవులసంఖ్య 800 కోట్లకు చేరినది. వారి తిండిలో సగమునకు దగ్గరగా వరి, గోధుమ, మొక్కజొన్న అనే మూడు పంటలే ఇస్తున్నవి. ఒకచోట దొరకకపోతే ఇంకొకచోటికి పోదామంటే ఇంకొకచోటు లేదు.

అయితే జుర్రేరు లోయవారికి లేనిది, ధాత కరువునాటి ప్రజలకు అందనిది మనకు ఒకటి ఉన్నది: నిలువచేసిన ధాన్యము, దానిని పంచే ఏర్పాటు. 1965లో ఆహార సంస్థ ఏర్పడినది మొదలు దేశములో గిడ్డంగులు, చౌకధరల దుకాణములు పెరిగినవి. 2023లో ఎల్ నినో మరల వచ్చినప్పుడు, ఆ జులైలో భారత ప్రభుత్వము బాసుమతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని నిలిపివేసినది. 1877లో జరిగినదానికి ఇది సరిగా విరుద్ధము. ఇక్కడ 1877 నాటి వంటి కరువుచావులు కలుగలేదు. కాని ఓడలు ఆగగానే ఇతర దేశములలో బియ్యపు ధర పెరిగినది. కొని తినే ఆఫ్రికా దేశముల పేదలు ఆ భారము మోసినారు. 2024 సెప్టెంబరులో ఆ నిషేధము ఎత్తివేయబడినది. ఒక దేశము తలుపు మూసికొని తన ప్రజలను కాపాడుకొనగలదని ఈ పదునాలుగు నెలలు చూపినవి. వానలు ఒక్క ఏడే అన్ని దేశములలోను తప్పితే, అన్ని తలుపులూ ఒకేసారి మూసుకొంటే, ధాన్యము ఎవరు ఎవరికి ఇవ్వవలెనో నిర్ణయించే ఏర్పాటు మాత్రము ఇంతవరకు అన్ని దేశములూ కూడి చేసికొనలేదు.