వేగానికి కళ్లెం... వాహనదారుల్లో ఆగ్రహం
గ్రామీణ రహదారులపై పరిమితిని ఎవరు నిర్ణయిస్తారు? చట్టం ఏం చెబుతోంది?

నిన్నటి వరకు 80 అని రాసి ఉన్న చోట 60 బోర్డు వెలుస్తుంది. ఊరి పొలిమేర దగ్గర అది 40 అవుతుంది. బోర్డు కనిపించేలోగానే పక్కన చెట్టు నీడలో స్పీడ్ గన్ సిద్ధంగా ఉంటుంది. వాహనదారుడు ఇంటికి చేరేసరికి సెల్‌ఫోన్‌కు చలానా సందేశం వచ్చి ఉంటుంది. గ్రామీణ ప్రాంతాల్లో వేగ పరిమితుల తగ్గింపుపై వ్యక్తమవుతున్న అసంతృప్తికి మూలం ఇదే. వేగం తగ్గించమన్నందుకు కోప్పడేవారు కొందరే. ఎందుకు తగ్గించారో చెప్పకపోవడం, బోర్డు సరిగా కనిపించకపోవడం, రోడ్డు గుంతలు అలాగే ఉండగా అంకె ఒక్కటే మారడం ఎక్కువ మందికి ఆగ్రహం తెప్పిస్తున్నాయి.

ఈ అసంతృప్తిని తేలికగా తీసివేయడానికి వీలులేదు. 15 కిలోమీటర్ల దూరంలోని పట్టణానికి రోజుకు ఆరుసార్లు తిరిగే ఆటో డ్రైవరును తీసుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో 15 నిమిషాలు పట్టే ప్రయాణం 40తో అయితే 22 నిమిషాలు దాటుతుంది. ఆరు ప్రయాణాలకు ముప్పావు గంట అదనం. అంటే రోజుకు ఒక ట్రిప్పు పోయినట్లే. పాల వ్యానుకు, తెల్లవారుజామున కూరగాయలతో మార్కెట్ యార్డుకు చేరవలసిన రైతుకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. అయితే పరిమితి 40 ఉండేది సాధారణంగా ఊరి మధ్య ఉన్న కిలోమీటరో, రెండు కిలోమీటర్లో మాత్రమే. అంతవరకే అయితే ఒక్కో ఊరి దగ్గర నష్టపోయేది నిమిషం లోపే. దారి పొడవునా ఒకే తక్కువ అంకె పెట్టినప్పుడే బతుకుదెరువుపై భారం పడుతుంది.

రెండో వైపు లెక్క కూడా చూడాలి. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. మృతుల్లో సుమారు 68 శాతం మంది గ్రామీణ ప్రాంతాల్లోనే ప్రాణాలు కోల్పోయారు. 71 శాతానికి పైగా మరణాలకు మితిమీరిన వేగమే కారణమని ఆ నివేదిక పేర్కొంది. పోలీసు రికార్డుల్లో కారణం తెలియని ప్రమాదాన్ని కూడా వేగం ఖాతాలో రాసే అలవాటు ఉందన్న విమర్శ లేకపోలేదు. ఆ మాట నిజమేననుకున్నా ప్రాణనష్టం పల్లె దారుల్లోనే అధికమన్న సంగతి మారదు.

రోడ్డును బట్టే వేగం

ఏ రోడ్డునైనా ఒక వేగాన్ని దృష్టిలో పెట్టుకొని నిర్మిస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో రాష్ట్ర రహదారికి గంటకు 100, జిల్లా ప్రధాన రహదారికి 80, ఇతర జిల్లా రహదారికి 65, గ్రామ రహదారికి 50 కిలోమీటర్లు నిర్మాణ వేగంగా తీసుకుంటారు. మలుపు ఎంత ఉండాలి, ఎదుటి వాహనం ఎంత దూరం నుంచి కనబడాలి అన్నవి ఈ అంకెపైనే ఆధారపడి ఉంటాయి. 50 వేగంతో వెళ్లే వాహనం సురక్షితంగా ఆగడానికి 60 మీటర్లు కావాలి. 80కి అది 120 మీటర్లవుతుంది. 100 వేగంలో 180 మీటర్లు కావాలి. వేగం రెట్టింపైతే ఆగే దూరం మూడు రెట్లవుతుందన్న విషయం నల్లటి తారు రోడ్డు చూసి యాక్సిలరేటర్ తొక్కేవారికి తట్టదు.

2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్లలో అత్యధికం 3.75 మీటర్ల వెడల్పు ఉన్న ఒంటి వరుస దారులే. ఎదురుగా బస్సు వస్తే ద్విచక్ర వాహనం మట్టి అంచుపైకి దిగక తప్పదు. పైగా కోతల కాలంలో సగం రోడ్డుపై వడ్లు, మొక్కజొన్న ఆరబోస్తారు. సాయంత్రం గేదెలు ఇంటిముఖం పట్టేది ఈ దారినే. చీకటి పడ్డాక వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రాలీ ఎదురవుతుంది. ఇటువంటి చోట 50 కూడా ఎక్కువే. రోడ్డు నున్నగా ఉంది కదా అన్న వాదన ఇక్కడ నిలవదు.

పరిమితి నిర్ణయించే ముందు వాహనాలు వాస్తవంగా ఎంత వేగంతో వెళ్తున్నాయో ఇంజినీర్లు కొలవాలి. నూటికి 85 వాహనాలు ఏ వేగానికి లోబడి వెళ్తున్నాయో చూసి, దానికి జనసంచారం, ప్రమాదాల చరిత్ర జోడించి అంకె ఖరారు చేయడం పద్ధతి. దీనికి పూర్తిగా దూరంగా ఉన్న అంకెను ఎవరూ పాటించరు. అప్పుడు బోర్డు చలానాలకే పనికివస్తుంది.

చట్టంలో ఏముంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని 112వ సెక్షన్ వేగ పరిమితులకు సంబంధించినది. గరిష్ఠ వేగాన్ని కేంద్రం నిర్ణయిస్తుంది. 2018 ఏప్రిల్‌లో కేంద్రం పరిమితులను పెంచుతూ నోటిఫికేషన్ ఇచ్చింది. విభాగిని లేని సాధారణ రోడ్లపై కార్లకు 70, ద్విచక్ర వాహనాలకు 60, మూడు చక్రాల వాహనాలకు 50 కిలోమీటర్లుగా అందులో పేర్కొంది. వేగం పెంచడం ప్రాణాంతకమంటూ ఆ నోటిఫికేషన్‌ను 2021లో మద్రాసు హైకోర్టు కొట్టివేసింది.

కేంద్రం చెప్పిన దానికన్నా తక్కువ పరిమితి పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థకు ఉంటుంది. అయితే చట్టం రెండు షరతులు విధించింది. గెజిట్‌లో నోటిఫికేషన్ ఇవ్వాలి, తగిన చోట్ల సూచిక బోర్డులు ఏర్పాటు చేయాలి. రోడ్డు మరమ్మతు, జాతర వంటి కారణాలతో నెల రోజులకు మించకుండా విధించే ఆంక్షకు మాత్రం నోటిఫికేషన్ అవసరం లేదు. తుమ్మకంప వెనుక దాగిన బోర్డును చూపి జరిమానా వేస్తే ప్రశ్నించడానికి వాహనదారుడికి ఆధారం ఇక్కడే దొరుకుతుంది.

వేగం మీరినందుకు 183వ సెక్షన్ కింద శిక్ష పడుతుంది. 2019 సవరణ చట్టం తేలికపాటి వాహనాలకు రూ.1,000 నుంచి రూ.2,000 వరకు, మధ్యతరహా, భారీ వాహనాలకు రూ.2,000 నుంచి రూ.4,000 వరకు జరిమానా నిర్దేశించింది. చాలామందికి తెలియని అంశం మరొకటి ఉంది. ఒక్క సాక్షి తన కంటి అంచనాతో ‘వేగంగా వెళ్లాడు’ అని చెబితే దానిపైనే శిక్ష వేయరాదు. ఆ అంచనాకు యంత్రం కొలత ఆధారంగా ఉండాలి. అలాగే వేగం మీరితే తప్ప చేరలేని విధంగా సమయపట్టిక ఇచ్చి డ్రైవరును తరిమే యజమానిని కూడా ఇదే సెక్షన్ దోషిగా చూస్తుంది. ట్రిప్పుల లెక్కన జీతమిచ్చే ప్రైవేటు వాహన యజమానులపై దీన్ని ప్రయోగించిన సందర్భాలు మాత్రం ఎక్కడా పెద్దగా వినబడవు.

కెమెరాలు, స్పీడ్ గన్‌ల వినియోగంపై 2021 ఆగస్టులో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. పరికరానికి ధ్రువపత్రం ఉండాలని, దాన్ని ఏటా పునరుద్ధరించాలని, నిఘా ఉన్నట్లు ముందుగా హెచ్చరిక బోర్డు పెట్టాలని, నేరం జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలని ఆ నిబంధనలు పేర్కొన్నాయి.

ఫ్రాన్స్‌లో రాజుకున్న తగవు

ఈ అసంతృప్తి మన పల్లెలకే పరిమితం కాదు. ఫ్రాన్స్‌లో 2018 జులై 1న విభాగిని లేని రెండు వరుసల రోడ్లపై పరిమితిని 90 నుంచి 80కి తగ్గించారు. సుమారు 4 లక్షల కిలోమీటర్ల రోడ్లకు ఇది వర్తించింది. ఏటా 350 నుంచి 400 ప్రాణాలు నిలుస్తాయని నాటి ప్రధాని ఎడ్వర్డ్ ఫిలిప్ ప్రభుత్వం చెప్పింది. బస్సు, రైలు అంతగా లేని పల్లెల జనం మాత్రం రాజధానిలో మెట్రో ఎక్కేవారు మా దారుల వేగం నిర్ణయిస్తారా అని మండిపడ్డారు. అదే ఏడాది నవంబరులో ఇంధన పన్నుపై ‘పసుపు చొక్కాల’ ఉద్యమం మొదలైనప్పుడు ఈ కోపమూ అందులో కలిసింది. దేశంలోని వేగ నిఘా రాడార్లలో దాదాపు 60 శాతంపై దాడులు జరిగాయని 2019 జనవరిలో అక్కడి హోం మంత్రి వెల్లడించారు. చివరకు 2019 డిసెంబరులో చట్టం మార్చి, తమ రోడ్లపై మళ్లీ 90 పెట్టుకునే వెసులుబాటును స్థానిక పాలకులకు ఇచ్చారు. అనేక జిల్లాలు కొన్ని రోడ్లపై ఆ అవకాశం వాడుకున్నాయి.

తగ్గింపు వల్ల మేలు జరగలేదా అంటే, జరిగింది. అధ్యయనం చేసిన సెరెమా అనే ప్రభుత్వ సంస్థ మొదటి 18 నెలల్లో 331 ప్రాణాలు నిలిచాయని 2020లో తేల్చింది. ప్రయాణంలో సగటున కిలోమీటరుకు ఒక సెకను మాత్రమే అదనంగా పట్టిందని కూడా చెప్పింది. ప్రభుత్వం ఆశించినంత కాకపోయినా అది చిన్న సంఖ్య కాదు. లెక్క ప్రభుత్వం వైపు ఉన్నా జనాన్ని అడగకుండా చేసినందున నిర్ణయం నిలబడలేదు.

మన దగ్గర అడిగే వేదిక చట్టంలోనే ఉంది. 215వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాకు రోడ్డు భద్రతా కమిటీ ఉండాలి. కలెక్టరు అధ్యక్షతన పోలీసు, రవాణా, రోడ్లు భవనాల శాఖల అధికారులు ఇందులో కూర్చుంటారు. పరిమితి తగ్గించాలన్నా, పెంచాలన్నా, బోర్డు మార్చాలన్నా పంచాయతీ తీర్మానంతో ఈ కమిటీకి వినతి ఇవ్వవచ్చు. రోడ్డు పేరు, ఏ కిలోమీటరు రాయి నుంచి ఏ రాయి వరకు, బడి, మలుపు, కల్వర్టు ఎక్కడున్నాయి, గత మూడేళ్లలో జరిగిన ప్రమాదాలెన్ని అన్న వివరాలు జతచేస్తే విషయం చర్చకు వస్తుంది. గెజిట్ నోటిఫికేషన్ ప్రతిని సమాచార హక్కు చట్టం కింద రూ.10 రుసుంతో కోరవచ్చు. చలానాపై అభ్యంతరం ఉన్నవారు డబ్బు కట్టేముందే, ఫొటోలో కనిపించిన స్థలం, సమయం, నమోదైన వేగం సరిచూసుకొని కోర్టును ఆశ్రయించవచ్చు.

ప్రమాదం జరిగిన మర్నాడే ఊరివారు రోడ్డుకు అడ్డంగా కాంక్రీటు గట్టు పోసే అలవాటు మాత్రం మానుకోవలసి ఉంది. రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున గుండ్రంగా ఉండాలి. ముందు హెచ్చరిక బోర్డు, పైన తెల్ల చారలు తప్పనిసరి. రాత్రివేళ కనిపించని నిటారు గట్టు ద్విచక్ర వాహనదారుడి ప్రాణం తీయగలదు.