తెలుగు తీరాన పరదేశపు విమాన స్థావరాలు

తిరువూరు ప్రాంతంలోని పెనుగొలను గ్రామం పేరును విడదీస్తే ‘పెద్ద కొలను’ అని అర్థం వస్తుంది. నీటివసతి చూచి పల్లె కట్టుకొనుట మన పూర్వుల పద్ధతి. విమానాశ్రయం కట్టేవారికి కావలసినది దీనికి విరుద్ధం. నీరు నిలువని మెరక, బరువుకు క్రుంగని గట్టి నేల, కొండలు అడ్డురాని బయలు వారికి కావలె. పెనుగొలనుకు దక్షిణంగా, కృష్ణా డెల్టా అంచున ఉన్న గన్నవరంలో అట్టి నేల ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ సైనిక విమాన స్థావరం వెలసినది. లండనుకు సుమారు 8,000 కిలోమీటర్ల దూరాన ఉన్న ఈ నేలతో బ్రిటిషు ప్రభుత్వానికి ఏమి పని పడినది?

జవాబు పటంలోనే ఉన్నది. భారతదేశానికి ప్రమాదం వస్తే వాయవ్య సరిహద్దు నుండే వస్తుందని పాలకులు చాలాకాలం నమ్మినారు. పెషావరు, కోహాటు, రిసాల్పూరు వంటి చోట్ల వైమానిక కేంద్రాలు నెలకొల్పినారు. తూర్పు దిక్కును సింగపూరు కాపాడుతుందని వారి ధైర్యం. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూను, మార్చి 23న అండమాను దీవులు జపాను వశమైనవి. పోర్టు బ్లెయిరు నుండి విశాఖపట్నానికి సుమారు 1,200 కిలోమీటర్లు. నీటిపై దిగే ఆనాటి పెద్ద విమానాలకు అది అందని దూరం కాదు.

ఏప్రిల్ 6న ముప్పు రానే వచ్చినది. బంగాళాఖాతంలో సంచరిస్తున్న ర్యూజో అనే విమానవాహక నౌక నుండి లేచిన జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినవి. వాటిని ఎదిరించగల యుద్ధవిమానాలు మన తీరంలో లేవు. జనం ఇండ్లు విడిచి లోపలి ఊళ్ళకు తరలినారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు మారినది. సామ్రాజ్యం యుద్ధంలో దిగినందుకు మూల్యం ఆ యుద్ధాన్ని కోరని ప్రజలు చెల్లించవలసి వచ్చినది.

గన్నవరం, మధురపూడి, తాడేపల్లిగూడెం, దొనకొండలలోని విమానాశ్రయాలు ఆ యుద్ధకాలపు అవసరాలను గుర్తుచేస్తవి. ఇవన్నీ సముద్రపుటొడ్డున గాక లోపలగా ఉన్నవి. ఇందులోని లాభాన్ని చిన్న లెక్కతో గ్రహించవచ్చు. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానం నిమిషానికి 5 కిలోమీటర్లు దాటుతుంది. తీరంలో దానిని చూచినవారు వెంటనే కబురు పంపితే, 50 కిలోమీటర్ల లోపల ఉన్న స్థావరానికి 10 నిమిషాల వ్యవధి చిక్కుతుంది. మధురపూడి నుండి గన్నవరం సుమారు 125 కిలోమీటర్లు. అదే వేగంతో 25 నిమిషాల ప్రయాణం. ఇంధనం తరిగినా, యంత్రం చెడినా దిగుటకు పక్కనే మరొక చోటు ఉండుట వైమానికునికి గొప్ప అండ.

స్థావరంలో ముఖ్యమైనది రన్‌వే, అనగా విమానం పరుగెత్తే బాట. గాలికి ఎదురుగా పరుగెత్తితే రెక్కలకు త్వరగా పైకెత్తే బలం వస్తుంది. కనుక ఆ ప్రాంతపు గాలివాటును బట్టి బాట దిక్కును నిర్ణయిస్తారు. గన్నవరం రన్‌వేకు ఒక కొసన 08, మరొక కొసన 26 అనే అంకెలు గుర్తు. 08 అనగా ఉత్తరం నుండి సుమారు 80 డిగ్రీలు. 26 అనగా 260 డిగ్రీలు. బాట ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉన్నదని ఆ అంకెలే చెప్పుతవి.

ఇంతటి బాటకు విశాలమైన భూమి కావలె. 1939 నాటి భారత రక్షణ చట్టం క్రింద యుద్ధావసరాలకు ఆస్తులను స్వాధీనం చేసికొనే అధికారం ప్రభుత్వానికి ఉండేది. 1944లో ఇంఫాలు, కొహిమాల వద్ద జపాను సేన ఓడినది. తీరానికి ముప్పు తగ్గినది. 1947లో బ్రిటిషు పాలన ముగిసినది. స్థావరాలు కట్టించిన కారణం పోయినది గాని కట్టిన నేల మిగిలినది.

ఆ నేలల భవితవ్యం ఒక్కతీరుగా లేదు. గన్నవరం పౌర విమానాశ్రయమైనది. అక్కడికి 2003లో హైదరాబాదు నుండి చిన్న విమానాల రాకపోకలు మొదలైనవి. 2017లో దానికి అంతర్జాతీయ హోదా లభించినది. 2,286 మీటర్ల రన్‌వేను తరువాత 3,360 మీటర్లకు పెంచినారు. ఇందుకు మరల రైతుల భూములే కావలసివచ్చినవి. ఈసారి భూసమీకరణ పద్ధతిని అనుసరించినారు. మధురపూడి రాజమహేంద్రవరానికి విమానాశ్రయమైనది. తాడేపల్లిగూడెంలో విమానాశ్రయ భూములలో 2015లో ఏర్పడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ప్రాంగణం ఉన్నది. దొనకొండకు మాత్రం అట్టి అదృష్టం పట్టలేదు.

ఉపాధ్యాయులు బంగాళాఖాతపు పటాన్ని బల్లమీద పరచి, పోర్టు బ్లెయిరు కేంద్రంగా 1,200 కిలోమీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీయించవలె. అది మన తీరాన్ని ఎక్కడ తాకునో విద్యార్థులు స్వయంగా చూడగలరు. దూరదేశపు యుద్ధం మన పొలాలలోకి ఏ దారిన వచ్చినదో ఆ గీత వారికి బోధపరచగలదు.