కార్తెలో కనిపించని రోహిణి

చేవెళ్ల, మొయినాబాద్ రైతులకు రోహిణి అంటే ముందు గుర్తొచ్చేది కార్తె. మే చివరి వారం నుంచి రోళ్లు పగిలే ఎండ, వెనకాలే మృగశిర, విత్తనాల వెతుకులాట. అయితే ఆ పక్షం రోజులూ రోహిణి నక్షత్రం ఎవరి కంటికీ ఆనదు. సూర్యుడు సరిగ్గా ఆ దిక్కునే ఉంటాడు కనుక అది పగటి వెలుగులో కలిసిపోతుంది. చుక్కను చూడాలంటే డిసెంబరు, జనవరి రాత్రులే అదను. కృత్తికల గుంపుకు కాస్త తూర్పున, నారింజ రంగులో ఉంటుంది.

అది అరుణ మహాతార. మనకు దాదాపు 65 కాంతి సంవత్సరాల దూరం. వ్యాసం సూర్యుడికి సుమారు 44 రెట్లు. సూర్యుడి స్థానంలో పెడితే బుధుడి కక్ష్యకు సగం దాకా వస్తుంది.

కంటికి చుక్క చుక్కలాగే కనిపిస్తుంది. దగ్గరున్న చిన్నదో, దూరాన ఉన్న మహాతారో తేల్చేదెలా? దానికి ఒక గొప్ప దారి చూపినవాడు మన హైదరాబాద్‌లోనే పెరిగాడు.

నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాలను ఆయన మరణానంతరం, 1908లో, నిజాం ప్రభుత్వం తీసుకుంది. తర్వాత బేగంపేటకు మారిన ఆ వేధశాల, ప్రపంచ దేశాలు పంచుకుని చేసిన నక్షత్రాల పట్టికలో తన వంతు ఆకాశాన్ని ఫొటోలు తీసి కొలిచింది. అక్కడ పనిచేసిన ఉద్యోగి కొడుకే వేణు బప్పు. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లాడు. 1949లో మరో ఇద్దరితో కలిసి తోకచుక్కను కనిపెట్టాడు. ఆయన పేరు చెప్పగానే అందరూ దాన్నే తలుస్తారు. 1957లో ఖగోళ శాస్త్రవేత్త ఓలిన్ విల్సన్‌తో కలిసి ప్రకటించిన ఫలితం అంతకన్నా ఎంతో పెద్దదని నా నమ్మకం.

రోహిణి వంటి నక్షత్రాల వెలుగును వర్ణపటంగా విడదీస్తే ఊదా కొసన కాల్షియం వల్ల ఏర్పడిన నల్లటి గీత ఉంటుంది. దాని నడిమధ్య సన్నటి వెలుగు గీత. నక్షత్రపు అసలు కాంతి పెరిగేకొద్దీ ఆ గీత వెడల్పు పెరుగుతుందని 185 నక్షత్రాలను పరిశీలించి వాళ్లు చూపారు. అసలు కాంతి తెలిస్తే, మనకు కనిపించే కాంతితో పోల్చి దూరం లెక్కగట్టవచ్చు. విల్సన్-బప్పు ప్రభావం అని ఖగోళ శాస్త్రం దానికి పేరు పెట్టుకుంది. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య బప్పును అధ్యక్షుడిగా ఎన్నుకుంది.

చుక్కలను చూడాలంటే చీకటి కావాలి. నగరం పెరిగాక నిజామియా కొత్త 48 అంగుళాల టెలిస్కోపును బేగంపేటలో కాక దూరాన రంగాపూర్‌లో పెట్టాల్సి వచ్చింది. నగరపు జంట జలాశయాల రక్షణ కోసం ప్రభుత్వం 1996లో తెచ్చిన 111 జీవో మొయినాబాద్ చుట్టుపక్కల కట్టడాలను కొంత ఆపింది, దాంతో రాత్రి చీకటీ కొంత మిగిలింది. ఇప్పుడు ఇటు కూడా కాలనీలు, ఫంక్షన్ హాళ్లు వస్తున్నాయి. వీధిదీపాలకు పైన మూత పెట్టి వెలుగును నేల మీదికే పంపే పని పంచాయతీలు ఇప్పుడే మొదలుపెట్టాలి.