మధ్యలో మానేసిన చదువుకు సరెండర్ వాల్యూ ఎంత?

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు మొదట తటపటాయించాను. కరువు భత్యం గురించీ, మెడికల్ బిల్లుల గురించీ నాకంటే బాగా రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నేను 1974 నుంచి 2010 వరకు ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. నాకు తెలిసింది అదొక్కటే. కాబట్టి ఇంగ్లీషులో రాసి ఉన్నది చదివి అర్థం చేసుకోవడం అనే విద్యను మన పిల్లలకు నేర్పడానికి ఎవరెవరు ఏమేమి చేశారో, అందులో నా వంతు పొరపాటు ఏమిటో నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన కాలపు ఇంగ్లీషు క్లాసు మిత్రులకు గుర్తుండే ఉంటుంది. మాస్టారు ఒక వాక్యం పైకి చదివేవారు. దానికి తెలుగులో అర్థం చెప్పేవారు. మళ్ళీ ఇంకో వాక్యం. పాఠం పూర్తయ్యాక ప్రశ్నలు, జవాబులు రెండూ బోర్డు మీద ఆయనే రాసేవారు. మనం నోటుబుక్కులో ఎక్కించుకుని బట్టీ పట్టేవాళ్ళం. పరీక్షలో ఆ ప్రశ్నలే వచ్చేవి, ఆ జవాబులే రాసేవాళ్ళం. ఈ మొత్తం వ్యవహారంలో విద్యార్థి తనంతట తాను ఒక్క పేరా అయినా చదివి అర్థం చేసుకోవలసిన అవసరం ఎక్కడా రాలేదు. అలా చదువుకున్న నేను మాస్టారునయ్యాక అలాగే చెప్పాను. నా క్లాసులో ఫలితాలు బాగుండేవి. హెడ్మాస్టరు గారు మెచ్చుకునేవారు కూడా.

1983 వేసవిలో ఒకనాటి మధ్యాహ్నం నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు ఇంటికి వచ్చాడు. 1979లో పదో తరగతి ఫస్టు క్లాసులో ప్యాసయ్యాడు. ఇంగ్లీషులో 68 మార్కులు వచ్చాయి. చేతిలో ఒక ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. ఉద్యోగానికి ఎంపికైనట్లూ, అసలు సర్టిఫికెట్లన్నీ 15 రోజుల్లోగా చూపించాలనీ, లేకపోతే ఎంపిక రద్దవుతుందనీ దాని సారాంశం. అప్పటికి 22 రోజులయింది. ఒక సర్టిఫికెట్ చేతికి రావడం ఆలస్యమైతే, అన్నీ కలిపి ఒకేసారి పట్టుకెళ్ళవచ్చని ఆగాడట.

"గడువు దాటితే రద్దని ఇక్కడ రాసి ఉంది గదా, చూడలేదా?" అన్నాను.

"చూశానండీ మాస్టారూ. కానీ అక్కడ ఫెయిలింగ్ విచ్ అని ఉంది గదండీ. అది ఫెయిలైన వాళ్ళకి అనుకున్నాను. నేను ప్యాసయ్యాను గదండీ" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఆ రోజే ఆ ఆఫీసుకు ఒక విన్నపం నా చేతులతో రాసిచ్చాను. ఫలితం లేకపోయింది. జాబితాలో తర్వాతి వారికి ఆ పోస్టు ఇచ్చేశారు. ఆ కుర్రవాడు నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ 68 మార్కులు వేయించింది నేనే గదా. అయిదేళ్ళు నా క్లాసులో కూర్చున్న పిల్లవాడు ఒక్క పేజీ ఉత్తరం చదువుకోలేకపోయాడంటే, నేను చెప్పింది ఏమిటి?

రెండేళ్ళ తర్వాత హైదరాబాదులో శిక్షణకు వెళ్ళే అవకాశం వచ్చింది. అక్కడి సంస్థ 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ అనే పేరుతో మొదలైంది. 1972లో విదేశీ భాషలు కూడా చేరి సి.ఐ.ఇ.ఎఫ్.ఎల్. అయింది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై ఇప్పుడు ఇఫ్లూ అని పిలువబడుతోంది. మొదటి రోజుల్లోనే మాకు ఒక చిన్న ఆట ఆడించారు. దాన్ని తెలుగులో చెబుతాను చూడండి.

"మూడు గొలకలు డొబ్బురుగా గిణకాయి." ఇదీ పాఠం. ఎన్ని గొలకలు గిణకాయి? మూడు. గొలకలు ఏం చేశాయి? గిణకాయి. ఎలా గిణకాయి? డొబ్బురుగా. నూటికి నూరు మార్కులు! గొలక అంటే ఏమిటో, గిణకడమేమిటో ఎవరికీ తెలియదు. ఎందుకంటే అలాంటి మాటలే లేవు. గదిలో అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ కుర్రవాడి 68 మార్కులు కళ్ళ ముందు కనిపించాయి.

ఆ శిక్షణలోనే లైబ్రరీలో మైఖేల్ వెస్ట్ రచనలు పరిచయమయ్యాయి. వెస్ట్ ఇంగ్లండు దేశస్థుడు. ఇండియన్ ఎడ్యుకేషనల్ సర్వీసులో చేరి, ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేశాడు. అప్పటికి అది అవిభక్త బెంగాలు. 1926లో బెంగాలు విద్యార్థుల ద్విభాషా సమస్య మీద ఆయన రాసిన నివేదిక ప్రచురితమైంది. అందులో ఆయన వేసిన ప్రశ్న ఇది. హైస్కూల్లో చేరిన వాళ్ళలో చాలామంది చివరి దాకా చదవరు, మధ్యలోనే మానేస్తారు. అలా మానేసిన పిల్లవాడికి అప్పటిదాకా చదివిన ఇంగ్లీషు వల్ల ఏం మిగిలింది?

దీనికి ఆయన వాడిన మాట మన పెన్షనర్లందరికీ సుపరిచితం. సరెండర్ వాల్యూ! ఇన్సూరెన్సు పాలసీకి కొన్నాళ్ళు ప్రీమియం కట్టి మానేస్తే ఎంతో కొంత తిరిగి వస్తుంది గదా. చదువు కూడా అలా ఉండాలన్నాడు. వ్యాకరణ సూత్రాలు సగం నేర్చి మానేసినవాడికి చేతికి దక్కేది శూన్యం. అదే, సులువైన ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం వచ్చినవాడు ఏ తరగతిలో మానేసినా ఆ మేరకు చదువుకుంటాడు, దానితో తన తెలివి పెంచుకుంటాడు. కనుక ముందు చదవడం నేర్పాలి అని ఆయన వాదం.

ఊరికే వాదించి ఊరుకోలేదు. అప్పటి రీడర్లలో కొత్త మాటలు గుట్టగా వచ్చి పడుతున్నాయని గమనించాడు. పిల్లవాడు ఒక కొత్త మాట జీర్ణించుకోకముందే ఇంకో నాలుగు వచ్చేవి. అవి కూడా నిత్యం వాడుకలో లేని మాటలు. అమెరికాలో థార్న్‌డైక్ అనే విద్వాంసుడు 1921లో పదివేల మాటలను వాడుక లెక్కన వరుసపెట్టి ప్రకటించాడు. వెస్ట్ అలాంటి లెక్కల ఆధారంతో తరచు వచ్చే మాటలను ముందు ఉంచి, సుమారు యాభై అరవై మాటలకు ఒక కొత్త మాట చొప్పున మాత్రమే వచ్చేలా, వచ్చిన మాట మళ్ళీ మళ్ళీ కనిపించేలా కథలు తిరగరాశాడు. లాంగ్‌మన్స్ వారు వేసిన న్యూ మెథడ్ రీడర్లు అలా పుట్టాయి. 1935లో ఎండికాట్‌తో కలిసి తెచ్చిన నిఘంటువులో 1,490 మాటలతోనే సుమారు 24,000 ఆరోపాలకు అర్థాలు చెప్పాడు. అర్థం చూడబోతే ఆ అర్థానికి మళ్ళీ అర్థం వెతుక్కునే బాధ తప్పించాడన్నమాట. 1953లో సుమారు 2,000 ముఖ్యమైన మాటల జాబితా ఆయన సంపాదకత్వంలోనే వెలువడింది.

ఇక్కడ ఒక ముచ్చట. 2000లో న్యూజిలాండ్ పరిశోధకుడు పాల్ నేషన్, మరొక పరిశోధకురాలు కలిసి ఒక అధ్యయనం ప్రకటించారు. ఎవరి సాయం లేకుండా కథ చదివి చక్కగా అర్థం చేసుకోవాలంటే అందులోని మాటల్లో సుమారు 98 శాతం ముందే తెలిసి ఉండాలని అందులో తేలింది. అంటే 50 మాటలకు ఒక్కటే తెలియని మాట. ఢాకాలో వెస్ట్ పట్టుకున్న కొలతకు ఇది ఎంత దగ్గరో చూడండి!

మరి ఇంత మంచి మార్గం మన ఊళ్ళ దాకా ఎందుకు రాలేదు? స్వాతంత్ర్యం వచ్చాక, 1950 దశకం నుంచి మన దేశంలో స్ట్రక్చరల్ పద్ధతి గాలి వీచింది. ముందు వినాలి, పలకాలి, వాక్య నిర్మాణాలను ఒకదాని తర్వాత ఒకటి నోటితో సాధన చేయాలి, చదవడం ఆ వెనుక అన్నది దాని సూత్రం. సూత్రంలో తప్పు పట్టడానికి లేదు. కానీ 60 మంది ఉన్న క్లాసులో, ఇంగ్లీషులో మాట్లాడే అలవాటు లేని నాబోటి మాస్టారు చేతిలో అది ఒక తంతుగా మిగిలింది. బోర్డు మీద గళ్ళ పట్టిక, పిల్లల కోరస్, ఆ వెనుక మళ్ళీ పాత కథే. వాక్యానికో తెలుగు అర్థం, బట్టీ జవాబు. 1964–66 నాటి కొఠారీ కమిషన్ ఉన్నత విద్యలో ఇంగ్లీషు గ్రంథాలయ భాషగా కొనసాగాలని చెప్పింది. గ్రంథాలయ భాష అంటే చదివి గ్రహించే భాష. కానీ మా పరీక్షా పత్రంలో చూడని పేరాకు కేటాయించిన మార్కులు బహు స్వల్పం.

ఆ పద్ధతి పట్ల అసంతృప్తితోనే ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు బెంగుళూరు, మద్రాసు తదితర చోట్ల మామూలు పాఠశాలల్లో ఒక ప్రయోగం చేశారు. పిల్లల చేతికి రైల్వే టైంటేబులో, పటమో ఇచ్చి దానితో ఒక చిక్కు విడదీయమనేవారు. జవాబు కావాలంటే చదివి తీరాలి, ఆలోచించి తీరాలి. బుద్ధి అర్థం మీద నిలిస్తే భాష దానంతట అదే పట్టుబడుతుందని ఆయన భావన.

తిరిగి వచ్చాక నాకు చేతనైనంత మార్చుకున్నాను. పాఠం మొదలుపెట్టే ముందే రెండు ప్రశ్నలు బోర్డు మీద రాసేవాణ్ణి. పది నిమిషాలు మౌనంగా చదువుకోమనేవాణ్ణి. ఆ తర్వాత, "ఏం అర్థమైంది? తెలుగులోనే చెప్పు" అనేవాణ్ణి. తెలియని మాట వస్తే ముందూ వెనుకా చూసి ఊహించమనేవాణ్ణి. ఊహ సరైనదో కాదో ఆ తర్వాతే డిక్షనరీలో చూసేవాళ్ళం. అన్‌లెస్, ఆల్దో, ఫెయిలింగ్ విచ్ వంటి మాటలకు ఒక ప్రత్యేక పట్టిక గోడకు తగిలించాను. కథ మలుపు తిరిగేది, ఉత్తరంలో మెలిక ఉండేది ఆ మాటల దగ్గరే. మందుల డబ్బా మీది కాగితాలు, బ్యాంకు ఫారాలు, బస్సు టైంటేబుళ్ళు, ఇవే మాకు ఉపపాఠ్య గ్రంథాలు.

అందరూ హర్షించలేదు. క్లాసు నిశ్శబ్దంగా ఉండేసరికి, "మాస్టారు పాఠం చెప్పడం లేదు, పిల్లల్ని చదువుకోమని కూర్చుంటున్నారు" అని ఒకరిద్దరు తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. మొదటి ఏడాది మార్కులు కొంచెం తగ్గాయి కూడా. పైవారికి భయపడి పరీక్షల ముందు నెల రోజులు మళ్ళీ పాత బట్టీకి దిగిన మాట దాచను. అయినా నలుగురైదుగురు పిల్లలు కథల పుస్తకాలు తమంతట తామే అడిగి తీసుకెళ్ళడం మొదలైంది. నా ఉద్యోగంలో నేను గర్వపడేది దానికొక్కదానికే.

వెస్ట్ చెప్పినదంతా వేదమని నేను అనను. ఆయన పరాయి ప్రభుత్వపు ఉద్యోగి. మాట్లాడటానికి ఆయన ఇచ్చిన చోటు నేటి పిల్లలకు చాలదు. కానీ ఆయన ప్రశ్న ఇంకా పాతబడలేదు. ఈనాడు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ బడుల్లో సైతం ఇంగ్లీషు మాధ్యమం విస్తరించింది. పూర్వం ఇంగ్లీషు చదవలేనివాడు ఒక్క ఇంగ్లీషులోనే వెనుకబడేవాడు. ఇప్పుడు లెక్కలూ, సైన్సూ, సోషలూ అన్నింటా వెనుకబడతాడు. కనుక సరెండర్ వాల్యూ గురించి ఇప్పుడే ఎక్కువగా ఆలోచించాలి.

మిత్రులారా, మనకు తీరిక ఉంది. ఇంట్లో మనవలు ఉన్నారు. వాళ్ళు గడగడా పైకి చదువుతుంటే మురిసిపోయి ఊరుకోకండి. పుస్తకం మూయించి, "ఇప్పుడు చదివినదేమిటి నాన్నా, నాకు తెలుగులో చెప్పు" అనండి. చెప్పలేకపోతే కోప్పడకండి. అంతకంటే తేలికైన పుస్తకం చేతికివ్వండి. రోజుకు పావుగంట చాలు.

ఆ కుర్రవాడి సంగతి చెప్పి ముగిస్తాను. మూడేళ్ళ తర్వాత అతనికి వేరొక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. పోయిన మూడేళ్ళ సీనియారిటీ మాత్రం తిరిగి రాలేదు. అతనికంటే చిన్నవాళ్ళు ముందుగా ప్రమోషన్లు పొందారు. సీనియారిటీ పోవడమంటే ఏమిటో ఈ పత్రిక చదివేవారికి నేను వివరించనక్కర్లేదు. ఇప్పుడు అతనూ రిటైరై మనలో ఒకడయ్యాడు. క్రిందటి సమావేశంలో ఒక జీవో వచ్చినప్పుడు కళ్ళజోడు సవరించుకుని, ఒక్కొక్క పేరా చదివి, నిదానంగా తెలుగులో మనందరికీ చెప్పాడు. ఒకచోట ఆగి నా వంక చూసి నవ్వాడు.

"మాస్టారూ, ఇక్కడ ఫెయిలింగ్ విచ్ ఉందండీ" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను గానీ, ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.