రెటీనా రక్తనాళ వ్యాధుల్లో గుప్త శోథను కొలవడం

రెటీనా రక్తనాళాలకు జబ్బు చేసిన కంటిలో ఎరుపు ఉండకపోవచ్చు, నొప్పి ఉండకపోవచ్చు. స్లిట్ ల్యాంప్ కింద కంటి ముందు గది తేటగానే కనిపించవచ్చు. అయినా లోపల నాళాల గోడల్లో శోథ సాగుతూ ఉండవచ్చు. పరీక్షించే వైద్యుడి చూపుకు అందని ఈ స్థితినే గుప్త శోథ అంటారు. దాన్ని అంకెల్లోకి తేవడానికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి: లేజర్ ఫ్లేర్ ఫోటోమెట్రీ, ఫ్లోరెసిన్ ఆంజియోగ్రఫీ. రెండింటిలో ఏదీ శోథను నేరుగా కొలవదు. రక్తానికీ కంటి లోపలి ద్రవాలకీ మధ్య ఉండే అడ్డుగోడ ఎంత కారుతోందో మాత్రమే చెబుతాయి. అందుకే ఆ అంకెలతో ఒక రోగిని మరో రోగితో పోల్చితే తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది. అదే కంటిని నెలల తరబడి గమనించడానికైతే అవి చూపు అంచనా కంటే నమ్మదగినవి.

తెలుగు ప్రాంతంలో ఈ ప్రశ్న ఈల్స్ వ్యాధితో ముడిపడి ఉంది. బర్మింగ్‌హామ్ వైద్యుడు హెన్రీ ఈల్స్ 1880లోనూ, మళ్ళీ 1882లోనూ, యువకుల్లో పదేపదే వచ్చే రెటీనా రక్తస్రావాన్ని వర్ణించాడు. ముక్కు నుంచి రక్తం కారడం, మలబద్ధకం తోడుగా కనిపించడంతో రక్తప్రసరణ అదుపు తప్పడమే కారణమని భావించాడు. శోథ ఊసు ఎత్తలేదు. 1887లో వాడ్స్‌వర్త్ రెటీనాలో శోథ లక్షణాలను చేర్చాకే వ్యాధి రూపం మారింది. అంటే ఈ వ్యాధిలో శోథ మొదటి వర్ణనకర్త కంటికే చిక్కలేదు. భారతదేశంలో కంటి రోగుల్లో 200 నుంచి 250 మందికి ఒకరిలో ఇది ఉంటుందని పాత వ్యాసాలు చెబుతాయి. అవి ఆసుపత్రులకు వచ్చినవారి లెక్కలు కనుక జనాభాకు వర్తింపజేయడం కుదరదు. 1994లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆప్తాల్మాలజీలో వచ్చిన విస్తృత సమీక్షకు మొదటి రచయిత తారాప్రసాద్ దాస్. ఆయన పనిచేసిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ హైదరాబాద్‌లోని బంజారాహిల్స్‌లో ఉంది. 

ఈల్స్ వ్యాధికి కారణం ఏమిటన్నది ఇంకా తేలలేదు. క్షయతో సంబంధం గురించి చెన్నై శంకర నేత్రాలయ పరిశోధకులు 2000లో ప్రచురించిన ఫలితం తరచు ఉదాహరణకు వస్తుంది: రోగుల రెటీనా మీది పొరల నమూనాలు 23 పరీక్షించగా 11లో క్షయ క్రిమి జన్యుపదార్థం దొరికింది, పోలికకు తీసుకున్న ఇతర కళ్ళ 27 నమూనాల్లో 3లోనూ దొరికింది. ఆ మూడే వాదన తెగకుండా ఆపుతున్నాయి. క్రిమి నాళాలను నేరుగా తినేస్తుందనే వివరణ కంటే, క్రిమి రేపిన రోగనిరోధక స్పందన అదుపు తప్పి కంటి కణజాలం మీదికే తిరుగుతుందనే వివరణే బలంగా ఉంది. ఎల్.వి. ప్రసాద్ సంస్థ భువనేశ్వర్ శాఖ పరిశోధకులు క్షయసంబంధ యువియైటిస్‌లో (కంటి మధ్య పొర శోథలో) స్వీయ కణజాలంపై స్పందించే టీ కణాలను 2017లో చూపడం దీనికి ఊతమిచ్చింది. ఈ వివరణే నిజమైతే, క్రిమి చచ్చాక కూడా శోథ మిగిలే వీలుంది. గుప్త శోథను వెతకవలసిన అవసరం అక్కడే పుడుతుంది.

ఫ్లేర్‌ను చూపుతో అంచనా కట్టే పద్ధతి పాతది. చీకటి గదిలో పడే ఎండ చారలో దుమ్ము మెరిసినట్టు, ముందు గది ద్రవంలోకి చేరిన మాంసకృత్తులు సన్నని కాంతి చారలో మసకగా వెలుగుతాయి. 2005లో యువియైటిస్ పదజాలాన్ని ప్రామాణీకరించే ‘సన్’ (SUN) బృందం ఈ మసకను 0 నుంచి 4+ వరకు ఐదు మెట్లుగా నిర్వచించింది. రెటీనా నాళశోథ తీవ్రతకు మాత్రం అలాంటి మెట్లు ఏర్పరచలేదు. జపాన్‌లో సావా బృందం 1988లో వివరించి, కోవా సంస్థ యంత్రంగా తెచ్చిన ఫోటోమీటర్ ఈ మెట్ల స్థానంలో మిల్లీసెకనుకు ఎన్ని ఫోటాన్లు వెనక్కి చెదిరాయో లెక్కిస్తుంది. చీకటి గదిలో రోగి గడ్డం ఆనించి కూర్చుంటాడు. లేజర్ కిరణం 0.3 × 0.5 మిల్లీమీటర్ల కిటికీ గుండా పైకీ కిందికీ కదులుతుంది. కిటికీకి పైనా కిందా ఉన్న నేపథ్య కాంతిని తీసివేసి యంత్రం ఫలితం ఇస్తుంది. ఆ రెండు నేపథ్యాల మధ్య తేడా ఎక్కువైనా, రోగి రెప్ప వేసినా ఆ కొలత పక్కన పెట్టాలి. సాధారణంగా ఐదు నుంచి ఏడు మంచి కొలతల సగటు తీస్తారు. ఆరోగ్యకరమైన కంటిలో ఇది 3 నుంచి 5 వరకు ఉంటుంది, వయసుతో కొంత పెరుగుతుంది. వైద్యుడు ఒకే మెట్టు వేసిన కళ్ళలో ఈ అంకె విస్తారమైన పరిధిలో పరుచుకుని కనిపించడమే యంత్రానికి అనుకూలమైన గట్టి సాక్ష్యం.

ఆంజియోగ్రఫీ రెండో సాక్షి, వెనుక భాగానికి దగ్గరి సాక్షి కూడా. చేతి సిరలోకి ఎక్కించిన ఫ్లోరెసిన్ రంగు పది పన్నెండు సెకన్లలో కంటికి చేరుతుంది. చివరి నిమిషాల చిత్రాల్లో నాళపు గోడ రంగు పట్టిందా, చుట్టూ కారిందా అన్నది తేలుతుంది. 2010లో ఒక అంతర్జాతీయ బృందం ఈ లక్షణాలకు మొత్తం 40 మార్కుల పట్టిక ఇచ్చింది. అయితే వాంతి వచ్చినట్టుండడం, అరుదుగా తీవ్రమైన అలర్జీ వంటి ఇబ్బందుల వల్ల సూది మందును ప్రతి రాకలోనూ ఇవ్వలేరు. ఓసీటీ ఆంజియోగ్రఫీకి రంగు అవసరం లేదు గాని అది కారుడును చూపదు. కంటిని తాకకుండా కొన్ని నిమిషాల్లో ముగిసే ఫ్లేర్ కొలత ఈ ఖాళీని పూరిస్తుంది.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాల్లో బరువైనది ఒకటుంది: ఫ్లేర్ పెరిగినంత మాత్రాన శోథ అని ఎలా అంటాం? మధుమేహ రెటినోపతిలోనూ అడ్డుగోడ కారుతుంది. రెటీనా సిర మూసుకుపోయిన రోగుల్లో ఫ్లేర్, ముందు గది ద్రవంలోని వీఈజీఎఫ్ (కొత్త నాళాలను పెంచి, నాళాలను కారేలా చేసే మాంసకృత్తి) కలిసి పెరుగుతాయని జపాన్‌లో హిదెతాకా నోమా బృందం చూపింది. రెటీనాకు రక్తం అందకపోవడమే కారుడుకు మూలమని దీన్ని చదవవచ్చు. కానీ వీఈజీఎఫ్‌తోపాటు శోథ కారకాలూ అదే ద్రవంలో పెరగడం కనిపించాక, రక్తం అందకపోవడాన్నీ శోథనూ గోడ కట్టి విడదీయడం కష్టమైంది. కాబట్టి ఒక్కసారి తీసిన అంకె కారణాన్ని చెప్పదు. స్టెరాయిడ్ ఇచ్చాక అది దిగిందా లేదా అన్నది మాత్రం కారణం వైపు కొంత వేలు చూపుతుంది. ముందు గది కొలత వెనుక నాళాల గురించి ఏం చెబుతుందన్న రెండో అభ్యంతరానికి పూర్తి సమాధానం లేదు: వెనుక నాళాలు కారుతున్నా ఫ్లేర్ సాధారణంగా ఉండే కళ్ళు ఉన్నాయి. తక్కువ అంకెను శోథ లేదనడానికి రుజువుగా వాడకూడదు.

ఒకచోట స్థిరపడిన హద్దును మరోచోటికి తెచ్చుకోవడంలోని చిక్కుకు రెటీనా ఊడిన కళ్ళే ఉదాహరణ. శస్త్రచికిత్స తర్వాత మచ్చపొరలు ఏర్పడే ముప్పును 15 ఫోటాన్లు దాటిన ఫ్లేర్ ముందే పట్టిస్తుందని కొలోన్ పరిశోధకులు ప్రతిపాదించారు. తర్వాత రాటర్‌డామ్‌లో చేసిన అధ్యయనం అది బలహీనమైన సూచిక అని తేల్చింది. ఈల్స్ వ్యాధిలో చిక్కు ఇంకా ఎక్కువ, ఎందుకంటే చికిత్సే అంకెను కదిలిస్తుంది: రెటీనాకు లేజర్ పెట్టినా, శుక్లం తీసినా కొంతకాలం ఫ్లేర్ పెరుగుతుంది, పాప పెద్దది చేసే చుక్కలు దాన్ని తగ్గించి చూపవచ్చు. అందువల్ల కొలతను చుక్కలు వేయక ముందే తీసుకోవడం, చివరి లేజర్ తేదీని పక్కనే రాయడం, రెండు కళ్ళకూ విడివిడి వరుస ఉంచడం అవసరం. తొలి కొలత లేజర్‌కు ముందే నమోదై ఉంటే, తర్వాతి పెరుగుదలలో చికిత్స వాటా ఎంతో, వ్యాధి వాటా ఎంతో అంచనా వేసే వీలుంటుంది.