హైబ్రిడ్ కారులో 1859 నాటి బ్యాటరీ

2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారాయి. ఊరికి దూరం కదా, సొంత కారులో వెళ్లి, పార్కింగ్‌లో వదిలేసి ఫ్లైట్ ఎక్కేవాళ్లున్నారు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన పెద్దవాళ్ల కార్లయితే నెలల తరబడి ఇంట్లోంచి కదలవు. అది హైబ్రిడ్ అయితే, తిరిగొచ్చి బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండకపోవచ్చు. అంత పెద్ద బ్యాటరీ ఉండి కూడా ఎందుకిలా? జవాబు చరిత్రలో ఉంది.

1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే సీసం రేకులు, ఆమ్లంతో మళ్లీ మళ్లీ ఛార్జ్ చేయగల బ్యాటరీ తయారుచేశాడు. తర్వాత పెట్రోలు కార్లొచ్చాయి. వాటిని స్టార్ట్ చేయాలంటే ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాలి. అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. 1912లో కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. ఆ తిప్పే పని బ్యాటరీ మీద పడింది.

ఇందులో మనకో లాభం కూడా ఉంది. బ్యాటరీ బలహీనపడితే స్టార్టర్ నీరసంగా తిరుగుతుంది. ఆ చప్పుడు వినగానే అర్థమైపోతుంది.

1997 చివర్లో జపాన్‌లో టయోటా ప్రియస్ వచ్చింది. అందులో ఇంజిన్‌ని తిప్పేది పెద్ద బ్యాటరీతో నడిచే మోటారు. కానీ కంప్యూటర్లని లేపేది, పెద్ద బ్యాటరీని కలిపే రిలేలను ఆన్ చేసేది మాత్రం పాత 12 వోల్టుల బ్యాటరీయే. ఇప్పటికీ చాలా హైబ్రిడ్లలో అంతే. అంటే పని తగ్గింది, అవసరం తగ్గలేదు. ముందే హెచ్చరించే ఆ చప్పుడు మాత్రం పోయింది. నిన్నటిదాకా బాగున్న కారు ఇవాళ ఒక్కసారిగా మొరాయిస్తుంది.

కారు ఆపినా అలారం, స్మార్ట్ కీ రిసీవర్ కరెంటు తాగుతూనే ఉంటాయి. 20 మిల్లీ ఆంపియర్లే అనుకుందాం. నెలకి 14 ఆంపియర్ అవర్లు దాటుతుంది. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో అది దాదాపు మూడో వంతు!

కాబట్టి ఇదివరకు చెవి చేసిన పని ఇప్పుడు మల్టీమీటర్ చేయాలి. కారు ఆపిన ఆరేడు గంటల తర్వాత చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర సగం, 12 లోపుంటే దాదాపు ఖాళీ. ఖాళీగా వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి ఛార్జ్ సరిగా ఎక్కదు. మన ఎండలకి ఇంకా తొందరగా పాడవుతుంది.

ఊరెళ్లేటప్పుడు నమ్మకమైనవాళ్లకి తాళం ఇచ్చి, వారానికోసారి రెడీ మోడ్‌లో ఓ గంట ఉంచమనండి, తలుపులు మూసిన గ్యారేజీలో మాత్రం వద్దు. అర్ధరాత్రి అమ్మానాన్నలు ఆసుపత్రికి బయల్దేరాల్సొస్తే, కారు కదలాలి కదండీ. మళ్లీ కలుద్దాం.