సమ్మతి అన్న మాటకు టీక

మన వివరాలు ఎవరైనా తీసుకోవాలంటే మన సమ్మతి కావాలి. అది స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, తెలిసి, షరతు లేకుండా, సందేహానికి చోటు లేకుండా, స్పష్టమైన చేతతో ఇచ్చినదై ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆరో సెక్షన్ సారం ఇది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ఈ సెక్షన్ అమలుకు పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. ఈలోగా హనుమకొండ చౌరస్తాలో నిలబడి ఒక్కో మాటకూ అర్థం చెప్పుకుందాం.

గుట్టు: చట్టంలో లేని మాట, అయినా ముందు దీన్నే చెప్పుకోవాలి. గోప్యత అనగానే ఏదో దాస్తున్నారన్న అనుమానం కలుగుతుంది. మన ఇళ్లలో మాట గుట్టు. గుట్టుగా బతికేవాళ్లను మర్యాదస్తులంటాం, దొంగలనం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా జీవించే హక్కులో చేర్చింది ఈ గుట్టునేనని నా నమ్మకం.

స్వేచ్ఛగా: కాదనే వీలున్నప్పుడే అవునన్న మాటకు విలువ. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. సూరత్‌కూ భివండీకీ మగ్గం పనికి వలసపోయిన మన నేతకార్మికులు ఆ ఒక్క రోజు కోసం బస్సులూ రైళ్లూ పట్టుకుని ఊరికి వచ్చారు. లేకపోతే రేషన్ కార్డు పోతుందేమోనని భయం. కులం, భూమి, బండి, జబ్బు, అన్నీ చెప్పారు. బలవంతం ఎవరూ చేయలేదు. అయినా దాన్ని స్వేచ్ఛ అనడానికి నాకు నోరు రాదు. తర్వాతి ఏళ్లలో రకరకాల శాఖల రికార్డులను ఒక్కో మనిషి పేరు కింద కలిపే 'సమగ్ర వేదిక' వచ్చింది. రద్దయిన రేషన్ కార్డుల మీద వ్యాజ్యం నడిచి, 2022లో సుప్రీంకోర్టు సుమారు 19 లక్షల కార్డులను మళ్లీ ఇంటికి వెళ్లి పరిశీలించమంది. పథకాలూ రాయితీలూ ఇచ్చేటప్పుడు కొన్ని సందర్భాల్లో సర్కారుకు కొత్తగా సమ్మతి అక్కర్లేదని డేటా రక్షణ చట్టంలోని ఏడో సెక్షన్ అంటోంది. సర్కారు సాయం మీద బతికేవాళ్ల గుట్టుకే కంచె పలచబడింది. ఇది నాకు మింగుడు పడదు.

నిర్దిష్టంగా: ఏ పనికి ఇచ్చామో ఆ పనికే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో స్టాంపుల చట్టాన్ని సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా బ్యాంకులోకి వెళ్లి కాగితాలు చూడొచ్చు, పట్టుకుపోవచ్చు అంది. కెనరా బ్యాంకు కేసులో హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2004లో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. కాగితం బ్యాంకు బీరువాలోకి చేరినంత మాత్రాన ఖాతాదారు గుట్టు పోదు, అది మనిషిదే గాని చోటుది కాదు అన్నది ఆ తీర్పు.

తెలిసి: సమ్మతి అడిగే మాటలను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేంట్లోనైనా చదువుకునే వీలివ్వాలని డేటా రక్షణ చట్టం చెప్పింది. తెలుగూ అందులో ఉంది. అయితే తెలుగు లిపి ఉంటే చాలదు. 'తృతీయ పక్షాలతో పంచుకొనబడును' అని రాస్తే ఎవరికి తెలుస్తుంది? 'మీ నంబరు వేరే కంపెనీకి ఇస్తాం, వాళ్లు మీకు ఫోన్ చేస్తారు' అని రాస్తే తెలిసినట్టు.

షరతు లేకుండా: ఒక బట్టల దుకాణంలో డబ్బులు కట్టాక ఫోన్ నంబరు అడిగారు. అది లేకపోతే బిల్లు రాదన్నారు. నా వెనక వరుసలో పదిమంది. పది అంకెలూ అందరూ వినేలా చెప్పాను. నంబరు కోసం పట్టుబట్టవద్దని 2023 మేలోనే కేంద్ర వినియోగదారుల శాఖ దుకాణాలకు చెప్పిందని తర్వాత తెలిసింది. ఆ రోజే తెలిసుంటే ఇచ్చేవాణ్ని కాదు.

సందేహానికి చోటు లేకుండా: ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కాదు. అంతే.

స్పష్టమైన చేత: బొటనవేలు ఆనించడం కంటే స్పష్టమైన చేత ఏముంటుంది? 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ములు అమ్మే ఒకతను భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజులు వెబ్‌సైట్ నుంచి దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు అచ్చులు చేసి వేల సిమ్ములు యాక్టివేట్ చేశాడు. ఆ ముద్రల మనుషులు వేలు ఆనించింది తమ భూమి కోసం. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం.

మొన్న ఏనుమాముల మార్కెట్ దగ్గర ఒక ఫోన్ల దుకాణంలో చూశాను. మిర్చికి తొడిమెలు తీసి తీసి వేళ్లు అరిగిపోయిన ఒక అవ్వ కొత్త సిమ్ము కోసం వచ్చింది. "పడలే, ఇంకోపారి పెట్టవ్వా" అన్నాడు కుర్రాడు. పెట్టింది. మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి వేలును కొంగుకు తుడుచుకుని, మిషను వైపు చూస్తూ అడిగింది: "ఒక్క సిమ్ముకు ఇన్నిపార్లు ఎందుకు బిడ్డా?"

కుర్రాడు తలెత్తలేదు. ఆమె వేలు పెట్టింది.